డి ఎక్కడ?

పడుకుందామని లైటు తీసేశాక కూడా ఆ నోటుబుక్కు కళ్ళముందునుంచి పోవడం లేదు. అందుకే లేచొచ్చి ఇక్కడ కూర్చున్నా. పొద్దున్నే లేవాలని తెలుసు, రేపు ఆ నిద్రలేమి విసుగంతా ఎవరిమీద చూపిస్తానో కూడా తెలుసు, అయినా సరే.

సాయంత్రం నేనొచ్చేసరికి మామయ్యగారు లాప్‌టాప్ ముందు లేరు. ఆ టైములో ఆయన సుడోకు ముందు కాకుండా ఇంకెక్కడైనా ఉన్నారని నేనిక్కడ ఎప్పుడైనా రాశానా? లేదు కదా. లాప్‌టాప్ మూత వేసి, దానిమీద పేపరు పరిచి ఉంది, జ్వరమొచ్చినవాళ్ళకి దుప్పటి కప్పినట్టు. మూత తీసి పాస్‌వర్డ్ కొట్టి అర నిమిషం కాలేదు, కుడివైపు కింద మూలనుంచి ఎర్రటి పెట్టె ఒకటి పైకి లేచింది. మీ కంప్యూటర్లో 13 వైరస్‌లు ఉన్నాయట. దాన్ని మూసేలోపు ఇంకోటి, మీ యాంటీవైరస్ గడువు అయిపోయిందట. దానిమీద మూడోది.

"ఎప్పటినుంచి మామయ్యగారూ ఇలా?" అంటే "ఇవాళేనమ్మా" అన్నారు. చిన్నది తలెత్తకుండా "కాదు, సోమవారం నుంచి" అంది.

ఇవాళ శుక్రవారం.

ఐదు రోజులు! ఇంట్లో ఇద్దరం రోజంతా కంప్యూటర్ల ముందు కూర్చుని బతికేవాళ్ళం ఉన్నాం, ఒక్క మాట చెప్పొచ్చు కదా. నా మొహం చూసి ఆయన ఏమీ అనకుండా లోపలికెళ్ళి, రూళ్ళ నోటుబుక్కు ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. గళ్ళు గీసి ఉంది. తేదీ, టైము, వైరస్ పేరు, ఎన్ని. వచ్చిన ప్రతి పెట్టెనీ రాసుకున్నారు! ముప్పై ఏళ్ళు లెక్కలు రాసిన చెయ్యి కదా, ట్రోజన్‌లకి (అవీ ఒకరకం దొంగ ప్రోగ్రాములే) కూడా హాజరుపట్టీ వేసింది. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు, చిరాకొచ్చింది. రెండో పేజీలో ఒక ఫోన్ నంబరు, కింద గీత, పక్కన "రెండుసార్లు చేశాను. ఎత్తలేదు."

ఎత్తలేదు. ఆ ఒక్కమాట దగ్గర నా గుండె ఆగినంత పనయింది. ఎత్తి ఉంటే ఏం జరిగేదో నాకు తెలుసు. ఫలానా యాప్ వేసుకోండి అంటారు, అది వెయ్యగానే మన మౌసు వాళ్ళ చేతికి పోతుంది, ఈవెంట్ వ్యూయర్, అంటే విండోస్ తన తప్పులన్నీ రాసుకునే చిట్టా, తెరిచి అందులో ఎర్ర గుర్తులు చూపించి "చూశారా ఎన్ని తప్పులో" అంటారు. ఆ ఎర్ర గుర్తులు నిక్షేపంలా ఉన్న కంప్యూటర్లో కూడా ఉంటాయి. తర్వాత కార్డు నంబరు. అసలు విండోస్ చూపించే నిజమైన ఎర్రర్ మెసేజ్‌లో ఫోన్ నంబరు ఉండనే ఉండదు, ఆ సంగతి మైక్రోసాఫ్ట్ వాళ్ళే మొత్తుకుంటూ ఉంటారు. నంబరు కనబడిందంటే అది దొంగదే.

ఇక ఈయన. ఈయన సంగతి మీకు కొత్త కాదు. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనుంచే "ఫార్మాట్ కొట్టేద్దాం", అంటే ఉన్నదంతా తుడిచేసి మళ్ళీ మొదలెడదామని. ఫ్యాను చప్పుడు చేసినా ఫార్మాటే ఈయనకి. చిన్నదాని ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి, బ్యాకప్ తీస్తానని పోయిన ఏడాదినుంచి చెబుతున్నదెవరో నేను మళ్ళీ రాయక్కర్లేదు. "నాన్నకి లాప్‌టాప్ ఇవ్వొద్దని నేను ముందే అన్నాను" అని ఇంకోటి. ఎప్పుడన్నారు? ఎవరితో అన్నారు? అదీ ఆయన పక్క గదిలో ఉండగా, వినబడేలా. పనికి ముందుకు రానివాళ్ళు కనీసం తీర్పులు చెప్పకుండా ఉంటే బాగుంటుంది. అని అనలేదు, ఇక్కడ రాస్తున్నా.

తీరా చూస్తే అది వైరసే కాదు! ఆ పెట్టె అడుగున సన్నటి అక్షరాల్లో క్రోమ్ అని ఉంది, దాని పక్కన నోరు తిరగని ఏదో సైటు పేరు. సుడోకు కోసం వెతుక్కుంటూ ఏదో పేజీకి వెళ్ళారు, అది "మీరు రోబో కాదని చెప్పడానికి ఎలౌ నొక్కండి" అంది, ఆయన రోబో కాదు కాబట్టి నొక్కారు. ఆ ఎలౌ రోబోకి సంబంధించింది కాదు, ఆ సైటు ఎప్పుడు కావాలంటే అప్పుడు మన తెరమీద పెట్టెలు పెట్టుకోవడానికి మనమిచ్చే అనుమతి. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిస్తే అనుమతి ఉన్న సైట్ల జాబితా వస్తుంది. ఆరున్నాయి. ఆరింటినీ పీకేసి, అసలు ఏ సైటూ ఇలా అడగకూడదని పెట్టేశా. రెండు నిమిషాల పని. ఐదు రోజుల భయానికి రెండు నిమిషాలు.

అక్కడితో ఆగలేదు లెండి. యాప్‌ల జాబితాని తేదీల ప్రకారం పేర్చి చూస్తే మంగళవారం దిగిన "క్లీనర్" ఒకటి దొరికింది. పేరు చూస్తే ఎంత బుద్ధిమంతుడో. తీసేశా. క్రోమ్‌కి తగిలించుకునే ఎక్స్‌టెన్షన్లు చూశా, టాస్క్ మేనేజర్లో స్టార్టప్, అంటే కంప్యూటర్ లేవగానే తమంతట తామే మొదలయ్యేవాటి జాబితా, చూశా, అక్కడ కూడా దాని తోక ఒకటి ఉంటే ఆపేశా. విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్ డిఫెండర్ చేత ఫుల్ స్కాన్ పెడితే అది తొమ్మిదింటిదాకా నడిచింది, తర్వాత ఆఫ్‌లైన్ స్కాన్. ఆ రెండోది మెషిన్ రీస్టార్ట్ చేసి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది, పావుగంట పడుతుంది, దాక్కునేవాటికి అదే మందు. ఏమీ దొరకలేదు. రెండో డాక్టరు మాట కూడా విందామని మాల్‌వేర్‌బైట్స్ అని ఇలాంటివి వెతికే ఇంకో ప్రోగ్రాం వేశా, అదీ వెతుకుడులో పైన వచ్చే ప్రకటన నొక్కకుండా అడ్రసు చేత్తో టైపు చేసి. ఆ ప్రకటనల్లోనే సగం దొంగలుంటారు. అదీ ఏమీ లేదంది. ఏ కొలువులోనన్నా ఇంత శ్రద్ధగా పనిచేశానా అనిపించింది. ఈయన ఈలోపు క్రికెట్ చూశారు.

ఎదురు చూస్తూ కూర్చుంటే నా 2009 గుర్తొచ్చింది. ఇది ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఈయనక్కూడా తెలీదు, ఈయన ఇక్కడ రాసేవి చదవరు కాబట్టి పర్లేదు.

ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు రిపోర్టు. ఇంట్లో ఒక్కటే కంప్యూటర్, విండోస్ ఎక్స్‌పీ. పాటలు దింపుకుంటుంటే తెరమీద ఒక స్కాన్ మొదలైంది, పచ్చ గీత అలా కదులుతూ, ఫైళ్ళ పేర్లు జరజరా పరిగెడుతూ. ఓకే అన్నానో క్యాన్సిల్ అన్నానో గుర్తులేదు, రెండింటికీ ఒకే పని జరిగేదని తర్వాత తెలిసింది. మర్నాడు వాల్‌పేపర్ పోయి నీలం తెరమీద పెద్ద హెచ్చరిక. టాస్క్ మేనేజర్ తెరిస్తే "మీ అడ్మినిస్ట్రేటర్ దీన్ని ఆపేశారు" అంది. ఆ ఇంట్లో అడ్మినిస్ట్రేటర్ నేనే! వర్డ్ తెరిస్తే వర్డ్‌కి వైరస్, నోట్‌ప్యాడ్ తెరిస్తే నోట్‌ప్యాడ్‌కి వైరస్, ఆఖరికి కాలిక్యులేటర్‌కి కూడా. దొంగే దొంగా దొంగా అని అరవడమంటే అదే. రిపోర్టు లోపల ఇరుక్కుపోయింది, రెండు రోజుల్లో ఇవ్వాలి. "ఫుల్ వెర్షన్ కొంటే మొత్తం శుభ్రం చేస్తాను" అని అది రెండు నిమిషాలకోసారి అడుగుతూనే ఉంది.

నాన్న స్నానానికి వెళ్ళినప్పుడు ఆయన పర్సులోంచి క్రెడిట్ కార్డు తీశా. పదహారు అంకెలు, వెనక మూడు. చేతులు వణికి మధ్యలో ఒకసారి తప్పు కొట్టి మళ్ళీ మొదటినుంచి కొట్టా. అంతే, ఎర్రగా ఉన్నదంతా పచ్చగా అయిపోయింది. సున్నా వైరస్‌లు. ఆ ఐదు నిమిషాల్లో కలిగినంత హాయి నాకు రిజల్ట్స్ వచ్చినరోజు కూడా కలగలేదు, నిజంగా. డబ్బులు తీసుకుని అది చేసిన పనల్లా అరవడం మానెయ్యడం.

నెల తర్వాత స్టేట్‌మెంటు వచ్చింది. "ఇదేంటమ్మా ఈ పేరు?" అని నాన్న అడిగితే "నాకేం తెలుసు నాన్నా" అన్నా. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పాపం ఆయన బ్యాంకు చుట్టూ తిరిగి, ఫారాలు నింపి, ఆ లావాదేవీ తను చెయ్యలేదని సంతకం పెట్టి డబ్బు వెనక్కి తెచ్చుకున్నారు. కార్డు మార్చారు. అప్పటినుంచి ఎవరు కనబడినా కార్డు నంబర్లు గాల్లోంచి ఎత్తుకుపోతున్నారని ఉపన్యాసం. నేను పక్కనే నిలబడి తలూపేదాన్ని. అన్నయ్య ఫ్రెండు వచ్చి ఎఫ్8 నొక్కి, అవసరమైనవి మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లో దాన్ని పీకాడు, తుడిచే టూలు ఫైలుకి వేరే పేరు పెడితే తప్ప ఆ దయ్యం దాన్ని తెరవనివ్వలేదు. అదంతా పోయాక కూడా నెట్ రాలేదు, చూస్తే వెళ్తూ వెళ్తూ నెట్ ఏ దారిన వెళ్ళాలో చెప్పే ప్రాక్సీ సెట్టింగ్ మార్చి పోయింది.

ఇందాక అదంతా నెమరేసుకుంటూ వెతికితే తెలిసింది, ఇలాంటివి అమ్మిన ఒక ముఠామీద అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2008 డిసెంబరులో కోర్టుకెళ్ళిందట, పది లక్షలమందికి పైగా వాళ్ళ బుట్టలో పడ్డారట, 2012లో 16.3 కోట్ల డాలర్లు కట్టమని తీర్పొచ్చిందట. పోనీలే, నాలాంటివాళ్ళు అంతమంది ఉన్నారు కదా అని కాస్త ఊరట.

సరే, మామయ్యగారి మీద కోపం ఇక్కడ కొంచెం దిగింది. అసలు ఆయన మాత్రం తేడా ఎలా పట్టుకుంటారు? ఇదే లాప్‌టాప్ కొన్నప్పుడు అందులో ఒక నిజమైన యాంటీవైరస్ వచ్చింది, మూడు నెలలు ఉచితం. అది అయిపోయిన రోజునుంచి ఏమని అరిచింది? మీకు రక్షణ లేదు, మీరు ప్రమాదంలో ఉన్నారు, ఇప్పుడే రెన్యూ చెయ్యండి. అదే ఎరుపు, అదే డాలు బొమ్మ, అదే మూల! డబ్బు కట్టకపోతే కొంప మునుగుతుందని మనకి నేర్పింది అసలువాళ్ళే. దొంగలు ఆ పాఠాన్ని కాపీ కొట్టారు, అంతే. మేము కట్టలేదు, దాన్ని తీసేస్తే డిఫెండర్ తనంతట తనే పని అందుకుంది, ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు. అయినా ఆ అరుపులు ఆయన చెవుల్లో ఉండిపోయి ఉంటాయి.

ఇవన్నీ అయ్యాక నోటుబుక్కు ఇచ్చెయ్యడానికి తీసుకెళ్తూ, నడుస్తూ మళ్ళీ చూశా. ఈసారి అంకెలు కాదు, పక్కన మార్జిన్‌లో పెన్సిలుతో రాసినవి. సాయంత్రం చిరాకులో చూడనే లేదు వాటిని.

సోమవారం 5. మంగళవారం 13. పక్కన, "3 తీసేశానంది. అయినా 13." బుధవారం పేజీలో "సి డ్రైవ్‌లో 4, డి డ్రైవ్‌లో 9", పక్కన చిన్నగా, "డి ఎక్కడ?" దాని కింద వేరే పెన్సిలుతో, "వెతికాను. డి లేదు."

డ్రైవ్‌లంటే డిస్కుని సి, డి అని పేర్లు పెట్టి విడదీసుకునే గదులు. మా లాప్‌టాప్‌లో డి డ్రైవ్ లేదు. ఎప్పుడూ లేదు. ఒక వెబ్ పేజీ మన డిస్కులోకి తొంగిచూడలేదు, అది చూపించే స్కాన్ ఒట్టి బొమ్మ, అందరికీ అదే బొమ్మ, డి ఉన్నవాడికీ లేనివాడికీ. ఆ సంగతి నేను ఎక్కడో చదివి తెలుసుకున్నా. మామయ్యగారు కూడికలు వేసి పట్టుకున్నారు. గురువారం పేజీలో పెద్దక్షరాల్లో, "లెక్క తేలడం లేదు. డబ్బు కట్టేది లేదు."

నేనేమో ఇరవయ్యేళ్ళ వయసులో కంప్యూటర్ చదువుతూ ఒక్క అంకె కూడా కూడి చూడకుండా కార్డు తీశా.

"మరి చెప్పలేదేం మామయ్యగారూ?" అని అడిగా, ఈసారి మామూలు గొంతుతోనే. "తేలని లెక్క పైవాళ్ళకి ఎలా చూపిస్తానమ్మా" అన్నారు. పైవాళ్ళంటే నేను! ఆయనకి వేరే అకౌంట్ పెట్టి, ఏదన్నా ఇన్‌స్టాల్ చెయ్యాలంటే నా పాస్‌వర్డ్ అడిగేలా మార్చానని అప్పుడు చెప్పాల్సొచ్చింది. ఇది కూడా చెప్పకుండా చేద్దామనే అనుకున్నా మొదట. కాసేపు ఆలోచించి "డిమోట్ చేశావన్నమాట" అన్నారు. నవ్వుతూ అన్నారో లేదో అర్థం కాలేదు, అద్దాలమీద లైటు పడుతోంది.

తెరంతా నిండిపోయే పేజీ వస్తే దానిమీది ఇంటూ గుర్తు నొక్కొద్దని, అది కూడా బొమ్మేనని, ఆల్ట్ ఎఫ్4 కొట్టమని చూపించా. దాన్ని కూడా రాసుకున్నారు.

తర్వాత వెళ్ళబోతుంటే ఆపి, "అయితే ఆ 13 ఎక్కడిది?" అన్నారు. ఎక్కడిదీ కాదు, నోటికొచ్చింది రాశారు అన్నా. చాలాసేపు ఆ పేజీకేసి చూశారు. వైరస్ ఉందన్నప్పుడు కూడా అంత కోపం రాలేదనుకుంటా ఆయనకి. "లెక్కల్లో అబద్ధం రాస్తారా!" అని, ఆఖరి గడి కింద స్కేలు పెట్టి రెండు గీతలు కొట్టి, పక్కన పొట్టి సంతకం పెట్టారు.

రేపు నాన్నకి ఫోన్ చెయ్యాలి. ఆ కార్డు సంగతి చెప్పడానికి కాదు, ఊరికే.