పదకొండు చెట్ల జాబితా

జూన్ చివరి ఆదివారం, ఆరుద్ర కార్తె.

తెల్లవారుజామున అయిదున్నరకే లేచి, కాఫీ కూడా తాగకుండా, కొలత టేపు, టార్చిలైటు పట్టుకొని పెరట్లోకి వెళ్ళాను. మొక్కలు నాటడానికి మే నెలలో తవ్వించి ఎండకు వదిలేసిన మూడు గోతులలో, రాత్రి కురిసిన వానకు నీరు నిలిచిపోయిందేమోనన్న బెంగతో నాకు సరిగా నిద్ర పట్టలేదు. పెరటి గోతులు రెండూ నీటిని పీల్చేసుకున్నాయి. వీధి గేటు పక్కనున్న దానిలో మాత్రం చీలమండ లోతు నీరు కదలకుండా ఉంది. గునపంతో అడుగున పొడిచి చూస్తే ఠంగుమన్నది. నిరుడు ప్రహరీ గోడను తిరిగి కట్టినప్పుడు మిగిలిన కాంక్రీటును మేస్త్రీ ఎక్కడికో తరలించాడనే నేను ఇంతకాలం నమ్ముతూ వచ్చాను. అది అక్కడే, ఒక పలకలాగా గట్టిపడి, పైన జానెడు ఎర్రమట్టి కప్పుకొని పడుకుంది. గోతులు తవ్విన కూలీలు దాని మీదికి వచ్చి ఆగిపోయారన్నమాట. దానిని పగలగొట్టి మూడు తట్టల పెళ్ళలు బయటికి మోసేసరికి ఎనిమిదయింది.

ఆ ప్రహరీని తిరిగి కట్టవలసి రావడానికి కారణం కూడా ఒక చెట్టే, ఆ చెట్టుకు కారణం నేను. 2009లో ఈ ఇంట్లో చేరిన తొలి వానాకాలంలో, మోకాలెత్తు బంగినపల్లి అంటును తెచ్చి పడమటి గోడకు మూడడుగుల దూరంలో నాటాను. మొక్కను చూసి నాటానే తప్ప, మానును ఊహించుకోలేదు. మామిడి తోటలలో చెట్టుకూ చెట్టుకూ మధ్య పది మీటర్లు, అంటే ముప్ఫై మూడడుగులు వదలడం పాత పద్ధతి. ఇల్లు పోగా మా పెరడు మొత్తం నలభై అయిదడుగుల పొడవు, పదహారడుగుల వెడల్పు. పదేళ్ళు తిరిగేసరికి కొమ్మలు మేడ మీదికి వాలి, ఆకులు వాననీటి గొట్టంలో పేరుకొని, మొదలు లావెక్కుతూ గోడను పక్కింటివారి వైపు నెట్టడం మొదలుపెట్టింది. బాగా కాపు పట్టిన ఏడాదే దానిని కొట్టించవలసి వచ్చింది. కొట్టించిన రోజున అమ్మ పెరటి వైపు తలుపు తీయలేదు.

అందుచేత ఈసారి నెల రోజుల ముందునుంచే జాబితా వేశాము. అమ్మ కొబ్బరి, మునగ, పనస, కరివేపాకు చెప్పింది. మా ఆవిడ మళ్ళీ బంగినపల్లి, దానితో పాటు ఉసిరి, పారిజాతం కోరింది. అమ్మాయి ఫోనులో తురాయి అన్నది, ఎర్రగా పూస్తే వీధి చివరినుంచే ఇల్లు తెలుస్తుందట. నేను వేప, పొగడ, జామ రాసుకున్నాను. మొత్తం పదకొండు. ఆ తరువాత నేను చేసిందల్లా, కాగితం మీద పెరటి పటం గీసి, ఒక్కొక్క చెట్టు పూర్తిగా ఎదిగాక దాని నీడ ఎంత మేర పడుతుందో అంత వలయం దాని మీద గీయడం. పనస వలయం మా వంటగదిని దాటి పక్కింటివారి నూతిని కూడా కలుపుకొంది. వేపకు మిగిలిన ఏకైక చోటు సెప్టిక్ ట్యాంకు పక్కన. నీటి జాడను వెతుక్కుంటూ వెళ్ళే వేళ్ళకు అంతకన్నా ఆహ్వానం ఏముంటుంది? పొగడను మాత్రం మనసు చంపుకొని కొట్టివేశాను. గేటు దగ్గర దానికి చోటున్నా, వీధి కరెంటు తీగలు సరిగ్గా అక్కడే నెత్తిమీదుగా వెళతాయి. ఏటేటా నడినెత్తిన నరికించుకొనే పొగడను చూడడం కన్నా, గుడి ఆవరణలో ఉన్నదానికి వెళ్ళి దండం పెట్టుకోవడం మేలు. ఉసిరికి జత కావాలి. వేరే రకం ఉసిరి దగ్గరలో లేకపోతే ఒంటి చెట్టు పూస్తుంది గాని కాపు అంతంత మాత్రమే. రెండింటికి మాకు చోటు లేదు.

కొబ్బరి దగ్గర అమ్మతో వాదన తేలికగా ముగియలేదు. కోనసీమలో పుట్టిన మనిషికి కొబ్బరి లేని పెరడు పెరడు కాదు. అయితే 1996 నవంబరు 6 రాత్రి తుఫానును ఆవిడ నాకన్నా దగ్గరగా చూసింది. తెల్లవారి తోటలు తోటలుగా నేలకొరిగిన చెట్ల మధ్యనుంచి దారి చేసుకొని పుట్టింటికి నడిచింది. నేను ఆ మాట ఎత్తలేదు. ఈ మధ్య కొబ్బరికి పట్టిన సర్పిలాకార తెల్లదోమ గురించి మాత్రం చెప్పాను. అది ఆకు అడుగున చేరి జిగురు కారుస్తుంది, ఆ జిగురు మీద నల్లని బూజు పట్టి కింద ఉన్న జామాకు, అరటాకు, ఆరవేసిన బట్టలు కూడా మసి పూసినట్లు అవుతాయి. అమ్మ కాసేపు ఆలోచించి, "బట్టల సంగతి ఎలా ఉన్నా, కాయ కారు మీద పడితే నీ గోల వినలేం" అని తానే వదులుకుంది.

తొమ్మిదింటికి ట్రాలీ ఆటో మాట్లాడుకొని కడియం వెళ్ళాము. కాలువ గట్టు వెంబడి నర్సరీలు మొదలయ్యాక మా ఆవిడకు పదకొండూ మళ్ళీ గుర్తుకు వచ్చాయి. అక్కడి కుర్రవాడు మాకు ఇంకో నాలుగు కలపాలని చూశాడు. ప్రహరీ వెంట పచ్చని తెరలాగా పెరుగుతుందని కోనోకార్పస్ చూపించాడు. 2023లో గుజరాత్ ప్రభుత్వం దానిని నాటవద్దని నిషేధించిన సంగతి అతనికి తెలిసే ఉంటుంది, నేను అడగలేదు. త్వరగా నీడ కావాలంటే ఏడాకుల పాల అన్నాడు. మా చెల్లెలిది విశాఖపట్నం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నగరంలోని చెట్లను ఊడ్చివేసిన తరువాత, పచ్చదనం త్వరగా తిరిగి రావాలని వీధుల వెంట ఆ చెట్టునే విరివిగా నాటారు. ఇప్పుడు చలి మొదలయ్యే రాత్రులలో ఆ పూల ఘాటుకు తలనొప్పి వస్తోందని, ఉబ్బసం ఉన్న ఇంటివారు కిటికీలు మూసుకుంటున్నారని చెల్లెలు ఏటా చెబుతుంది. సప్తపర్ణి అన్న పేరుకు ఎంత అందముంటేనేమి, పడకగది కిటికీ కింద ఉండవలసిన చెట్టు కాదది. అదే తుఫానులో తురాయి కొమ్మలు పుల్లల్లాగా విరిగాయని కూడా చెల్లెలే చెప్పింది గనుక అమ్మాయి కోరిక అక్కడే ఆగింది.

మామిడిలో నేను అడిగింది ఆమ్రపాలి. దశేరీని నీలంతో సంకరపరచి ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ విడుదల చేసిన పొట్టి రకం అది. రెండున్నర మీటర్లకు ఒకటి చొప్పున నాటినా ఓర్చుకుంటుంది, ఏడాది విడిచి ఏడాది కాకుండా ఏటా కాస్తుంది. మా ఆవిడ పండు రంగు, రుచి అన్నీ విని, "ఆవకాయకు పనికివస్తుందా అండీ?" అని అడిగింది. రాదన్నాను. ఆవకాయకు పనికిరాని మామిడి ఇంట్లో ఎందుకన్న ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ సరైన సమాధానం లేదు. ఆవకాయ కాయలు ఎలాగూ సంతలో కొంటున్నాము కదా అని నసిగాను.

మొక్కను ఎంచడంలో మాత్రం ఈసారి తొందరపడలేదు. ఆరడుగుల ఎత్తున నిగనిగలాడుతున్న మొక్కలను వదిలి, రెండున్నర అడుగుల దానిని తీసుకున్నాను. చిన్న సంచిలో ఏళ్ళ తరబడి ఉన్న పొడవాటి మొక్కకు తల్లివేరు అడుగున చుట్టలు చుట్టుకొని ఉంటుంది, నేలలో పెట్టినా ఆ చుట్ట విడదు. అంటు కట్టిన చోట వేలితో తడిమి, రెండు బెరళ్ళూ కలిసిపోయాయో లేదో, దాని కింద నాటు కొమ్మ ఏదైనా చిగురించిందేమో చూశాను. జామలో తైవాన్ పింక్ ఏడాదికే కాస్తుందని కుర్రవాడు ఊరించినా లక్నో-49 గాలి అంటు కొన్నాను. జామ కొత్త చిగుళ్ళ మీదే కాస్తుంది గనుక ఎంత కత్తిరించినా కోపగించుకోదు, ఇరుకు పెరటికి అలాంటి చెట్టు కావాలి. గేటు పక్కకు పారిజాతం, అమ్మకు కరివేపాకు. పదకొండు అనుకొని వెళ్ళి నాలుగింటితో తిరిగి వచ్చాము.

మధ్యాహ్నం మబ్బు పట్టింది. నైరుతి మూలన, ఇంటి గోడకు ఎనిమిది, ప్రహరీకి ఎనిమిది అడుగుల చోట మామిడి గొయ్యి. మా పడకగది గోడ పడమటి ఎండకు కాగి, రోహిణీ కార్తెలో రాత్రి పదకొండింటికి కూడా చేయి ఆనించనివ్వదు. పెద్ద చెట్లు నైరుతిలో ఉండాలనే వాస్తుకు, నా గోడకు ఈ ఒక్క విషయంలో ఏకాభిప్రాయం కుదిరింది. తవ్వినప్పుడు విడిగా పోయించిన పైమట్టిలో బాగా చివికిన గెత్తం, రెండు కిలోల వేపపిండి కలిపి గోతిని నింపి, మధ్యలో మొక్క గడ్డకు సరిపడా చోటు చేశాను. సంచిని బ్లేడుతో నిలువుగా చీల్చి, మట్టిగడ్డ చెదరకుండా దించి, అంటు అతుకు నేలకు జానెడు పైన ఉండేలా మట్టి కప్పి, పాదంతో అదిమాను. 2009లో అతుకును కూడా మట్టిలో పాతిపెట్టిన ఘనుడిని నేను. ఊతకర్రకు నారతాడును వదులుగా ఎనిమిది అంకెలా చుట్టి కట్టి, పాదు చేసి, పాదులో కొబ్బరి డొక్కలు బోర్లించాను. మొదటి రెండు మూడేళ్ళు పూత వస్తే తుంచివేయాలి. ఆ పని చేయడానికి మా ఆవిడ నన్ను దగ్గరికి రానిస్తుందో లేదో చూడాలి.

పారిజాతం నాటేసరికి చినుకులు మొదలయ్యాయి. ఉదయం మోసిన మూడు తట్టల పెళ్ళలున్న చోట ఇప్పుడు పెరటి మట్టి ఉంది. నీరు పోస్తే గుటకలు వేసినట్లు ఇంకింది.

చేతులు కడుక్కొని పెరటి గుమ్మంలో కూర్చున్నాక వాయవ్య మూలన ఏదో కొత్తగా కనిపించింది. చేతి మందం, నాలుగడుగుల పొడవు ఉన్న మునగ కొమ్మ ఒకటి నేలలో నిటారుగా నిలబడి ఉంది. కొసన పేడముద్ద పెట్టి ఉంది. పక్కింటివారి చెట్టుది కాబోలు. మేము కడియంలో ఉండగా అమ్మ తానే గొయ్యి తీసి నాటిందన్నమాట. మునగ కొమ్మ పెళుసు, గాలికి విరుగుతుంది, వానాకాలంలో మానంతా గొంగళి పురుగులు పడతాయి అని జాబితాలోంచి నేనే కొట్టివేశాను. టేపు తీసుకొని లేచి వెళ్ళి కొలిచాను. సెప్టిక్ ట్యాంకుకు సరిగ్గా నాలుగడుగులు.

"ఎంత వచ్చిందిరా?" అని గుమ్మంలోనుంచి అడిగింది అమ్మ.

"సరిపోతుందమ్మా" అని టేపు చుట్టేశాను.