సాక్షి సంతకం

"దీని మీద నేను సంతకం పెట్టను పాక్" అన్నారాయన. కోపం లేదు, గొంతు పెంచలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా చొక్కా జేబులో ఆయనే పెట్టారు. తర్వాత అరటిపండు బజ్జీల పళ్లెం నా ముందుకు జరిపి, తినండి, చల్లారిపోతాయి అన్నారు.

మూడు వారాలైంది. ఆ బజ్జీ ఇంకా గొంతులోనే ఉన్నట్టుంది.

ఆయన మా వీధికి పెద్ద. ఇండోనేషియాలో కొన్ని ఇళ్లకి కలిపి ఒక పెద్దని పెట్టుకుంటారు, పాక్ ఎర్తే అని పిలుస్తారు. పాక్ అంటే మన 'గారు' లాంటిదే. ఇంటికి చుట్టం వచ్చి రాత్రి ఉంటే 24 గంటల్లోగా ఆయనకి చెప్పాలి. స్థలాలు చేతులు మారుతుంటే సరిహద్దులు తెలిసిన మనిషిగా ఆయన సాక్షి సంతకం అడుగుతారు. వయసులో ఉన్నప్పుడు చేపల వేటకి వెళ్లేవారు. ఇప్పుడు మోకాళ్లు సహకరించక వలలు బాగుచేస్తూ అరుగు మీద కూర్చుంటారు.

నేను సుంబావా దీవి పడమటి తీరంలో వనామీ రొయ్యల చెరువుల మీద టెక్నీషియన్‌ని. భీమవరం నుంచి ఇక్కడికి చేరాలంటే హైదరాబాద్, కౌలాలంపూర్, లొంబోక్ దాకా విమానం. అక్కడి నుంచి కయాంగాన్ రేవుకి బస్సు. రేవులో ఫెర్రీ ఎక్కితే గంటన్నర పైన సముద్రం. వెనక 3,726 మీటర్ల రింజానీ కొండ చిన్నదవుతూ ఉంటే ఎదురుగా గడ్డి ఎండిన సుంబావా గుట్టలు దగ్గరికొస్తాయి. పోతో తానో రేవులో దిగి బండి మీద ఇంకో గంట. ఇంటికి ఫోన్ చేసి "వచ్చేశాను" అనేసరికి రెండో రోజు సాయంత్రం అవుతుంది. నాలుగేళ్లలో ఐదుసార్లు తిరిగాను ఈ దారి. ప్రతిసారీ ఫెర్రీలో అదే ఆలోచన. ఇక్కడా నాది కాదు, అక్కడా నాది లేదు.

అక్కడ ఎందుకు లేదంటే, 1995లో రొయ్యలకి వైట్‌స్పాట్ తెగులు వచ్చినప్పుడు మా నాన్న రెండెకరాలూ అమ్మి మేత బాకీలు తీర్చారు. ఆ తర్వాత మా ఇంట్లో అన్నీ లీజు చెరువులే. గట్టు మీద నిలబడి "ఇది మాది" అన్న మాట నా నోట ఎప్పుడూ రాలేదు. మన వైపు పొలం లేనివాడిని పెళ్లిచూపుల్లో ఎలా చూస్తారో చెప్పక్కర్లేదు. పోనీ సంపాదించాక కొందామంటే, ఉద్యోగం మీద బయటి దేశంలో ఉన్నంతకాలం ఇండియాలో నా పేరున వ్యవసాయ భూమి కొనకూడదంటుంది చట్టం.

అలాంటప్పుడు ఊరి చివర కొబ్బరిచెట్ల కింద 20 ఆరెల స్థలం అమ్మకానికొచ్చింది. ఆరె అంటే 100 చదరపు మీటర్లు, మన లెక్కలో రెండున్నర సెంట్లు. అంటే అరెకరం. ముందు భాగం ఎలాగూ సముద్రానికి పోతుంది, పోటు నీళ్లు వచ్చే హద్దు నుంచి 100 మీటర్లు ఇల్లు కట్టకుండా వదలాలి. అయినా వెనక చాలినంత ఉంది. పొద్దున్నే అక్కడ నిలబడితే ఆరేసిన సముద్రపు నాచు వాసన, పడవల ఇంజన్ల చప్పుడు. మనసు ఆగలేదు.

నా పేరున కుదరదని తెలుసు. వీళ్ల 1960 భూచట్టం ప్రకారం 'హక్ మిలిక్', అంటే పూర్తి సొంతహక్కు, ఇండోనేషియా పౌరులకే. నాలాంటివాడికి దొరికేది వాడుక హక్కు. 30 ఏళ్లు, పొడిగిస్తే 20, మళ్లీ కొత్తగా రాయించుకుంటే 30. లెక్కకి నా జీవితం కంటే ఎక్కువే. కానీ వాడుక హక్కు కాగితం తీసుకెళ్లి మా అమ్మకి "పొలం కొన్నానే" అని ఎలా చూపించను? అందుకే మా చెరువుల్లో మేత చల్లే కుర్రాడి పేరున కొనాలనుకున్నాను. నమ్మకస్తుడు, అన్నా అన్నా అని తిరుగుతాడు. డబ్బు నాది, పేరు వాడిది. సాక్షి సంతకానికి పాక్ ఎర్తే దగ్గరికి తీసుకెళ్లిన కాగితం అదే.

పాక్ ఎర్తే చట్టం మాట ఎత్తలేదు. అసలు చట్టంలో ఇంతకంటే గట్టిగానే ఉంది. ఇలా పరాయి దేశస్థుడి కోసం చేసిన అమ్మకం చెల్లదు, భూమి ప్రభుత్వానికి పోతుంది, కట్టిన డబ్బు తిరిగి అడగడానికి లేదు. ఆయన అన్నది వేరే మాట.

"వాడికి రేపు పెళ్లవుతుంది. పిల్లలు పుడతారు. ఎప్పుడో మీకూ వాడికీ మాట తేడా వస్తుంది, లేదా ఏదో ఒకరోజు సముద్రం వాడిని తీసుకుపోతుంది. అప్పుడు మీరు వాడి పెళ్లాం గుమ్మంలో నిలబడి ఈ నేల నాది అనాలి. అది నా వీధిలో జరగకూడదు."

కాసేపాగి అడిగారు. "మీ దేశంలో ఇలా వేరేవాళ్ల పేరున కొంటారా?"

"మామూలే" అన్నాను.

రోషంగానే అన్నాను. నాలుగేళ్లుగా ఈ ఊరి పెళ్లిళ్లకి వెళ్లాను, చావులకి వెళ్లాను, ఊరంతా కలిసి దారి బాగుచేసే రోజున పార పట్టాను. వీళ్లు పెట్టిన సింగాంగ్ తిని, మన చేపల పులుసే అనుకుని కళ్లు తుడుచుకున్నాను. అలాంటి నన్ను పరాయివాడంటారా? అలల కోసం వచ్చిన తెల్లవాళ్లు భార్యల పేరున, స్నేహితుల పేరున కొనుక్కోలేదా? నాకొక్కడికే వచ్చిందా నీతి? ఇంటికొచ్చేదాకా బండి మీద ఇదే సణుగుడు.

ఆ రాత్రి చెరువుల్లో గాలి ఆడించే ఏరియేటర్లు చూడటానికి గట్టు మీద తిరుగుతుంటే, నేనన్న "మామూలే" నాకే అడ్డంపడింది.

బుట్టాయగూడెం వైపు ఏజెన్సీలో మా మావయ్యకి జీడితోట ఉంది. అక్కడ 1970 నాటి ఒకటో నంబరు చట్టం, మనవాళ్లు వన్ ఆఫ్ సెవెంటీ అంటారు, గిరిజనేతరులు భూమి కొనడానికి వీల్లేదంటుంది. అందుకని తోట ఆయన పాలేరు పేరున ఉంది. కోయ మనిషి. సంక్రాంతికి వచ్చి మావయ్యగారి అరుగు చివర కూర్చునేవాడు. భోజనం విస్తట్లో, బయటే. ఒక పండక్కి ఏవో కాగితాల మీద వేలిముద్రలు వేయించారు. స్టాంపు ప్యాడ్ పట్టుకున్నది నేను. నాకు పదేళ్లు. ఆయన బొటనవేలు ఎంత అరిగిపోయి ఉందంటే గీతలు సరిగ్గా పడలేదు. మావయ్య విసుక్కుని, ఆ వేలిని తన చేత్తో నొక్కి మళ్లీ వేయించారు. తర్వాత సిరా తుడుచుకోవడానికి నేనే గుడ్డ ఇచ్చాను. ఆయన నవ్వి నా తల నిమరబోయి, చేతికి సిరా ఉందని ఆగిపోయాడు.

ఆ పక్కన సాక్షి సంతకం పెట్టనన్న మనిషి ఒక్కడూ లేడు.

పొద్దున్నే పాక్ ఎర్తే నన్ను పిలిచి వాళ్ల పెరట్లో జాగా చూపించారు. రెండు మంచాలు పట్టేంత. వంగ, మిరప, ఏం కావాలంటే అది నాటుకోండి, ఇంకో కాగితం తేవద్దు అన్నారు. పెరటి చివర మునగచెట్టు. ఈ వీధిలో ఆకే వండుకుంటారు, కాయలు చెట్టునే ఎండిపోతాయి. లేతవి చూసి నాలుగు కోశాను. ఇదేం తిండి అన్నట్టు చూశారాయన. సాయంత్రం పులుసు పెట్టి గిన్నెడు పంపిస్తే, కాయ నమలడం మా ఆవిడకి రాలేదు, పులుసు మాత్రం మిగలలేదు అని గిన్నె తిరిగిచ్చారు.

నిన్న మావయ్యకి ఫోన్ చేశాను. కాసేపు తోట సంగతులు, రేట్ల సంగతులు అయ్యాక అడిగాను.

"మావయ్యా, తోట ఎవరి పేరున ఉందో, ఆయన పేరేంటి?"

"ఇప్పుడెందుకురా అది? ఆయన పోయి చాలా కాలమైంది."

"పిల్లలున్నారా?"

"ఉన్నార్లే. అక్కడే కూలికొస్తుంటారు."

"పేరు చెప్పు మావయ్యా."

చాలాసేపు ఏమీ వినిపించలేదు. చివరికి, "పాస్‌బుక్ బీరువాలో ఉంది, చూసి చెప్తాలే" అన్నారు.

ఇంకా చెప్పలేదు. రేపు మళ్లీ చేస్తాను.