వన్‌టౌన్‌లో ఆ పాత కొట్టు మేడని పడగొట్టొద్దండీ

బెజవాడలో కాళేశ్వరరావు మార్కెట్ దాటి వన్‌టౌన్ లోపలికెళ్తే ఒక పాత మేడ ఉంటుంది, కింద కొట్లు, పైన కాపురం, దాన్ని కొట్టేసి కాంప్లెక్స్ కడతారంట, విన్నప్పట్నుంచి మనసు మనసులో లేదు.

ఆ కొట్టుకి షట్టర్ ఉండదు, చెక్క పలకలే, ఒక్కోదాని మీద పెయింట్‌తో నంబరు, పొద్దున్నే గుమాస్తా వరసగా గాడిలోంచి లాగి గోడకి ఆనిస్తాడు, రాత్రికి మళ్లీ అదే వరసలో పెట్టాలి, ఒక్కటి అటూఇటూ అయినా తలుపు పడదు. పైన టేకు దూలాలు, వాటి మీద సున్నంతో ఇటుకలు పేర్చిన మద్రాస్ టెర్రస్ కప్పు, మే నెలలో కూడా (బెజవాడ ఎండ సంగతి చెప్పక్కర్లేదుగా) లోపల చల్లగా ఉంటుంది.

గోడలు పెచ్చులూడుతున్నాయి, పాతబడిపోయింది అంటున్నారు. అసలు సంగతేంటంటే మధ్యలో ఎవరో సిమెంట్ ప్లాస్టరింగ్ చేయించారు, సున్నం గోడకి గాలాడాలి కదా, చెమ్మ బయటికి పోయే దారిలేక లోపలే ఉండి ఇటుకని తినేస్తుంది. ఆ సిమెంట్ చెక్కేసి మళ్లీ సున్నమే పూయాలి.

1887లో శంకుస్థాపన చేసిన విక్టోరియా జూబ్లీ మ్యూజియాన్ని బాగుచేసుకుని 2020లో బాపు మ్యూజియంగా తెరుచుకున్నాం, చాలా మంచి పని. కానీ కాలవలు, రైల్వే జంక్షన్, వ్యాపారం వల్ల పెరిగిన ఊరు మనది, ఆ వ్యాపారం ఎలా నడిచిందో చూపించేది ఇలాంటి కొట్లే.

కనీసం ముందు భాగం, ఆ పలకలు ఉంచి వెనక కట్టుకోమని ఓనర్లని అడుగుదాం. కార్పొరేషన్‌కి అర్జీ రాస్తున్నా, సంతకం పెట్టేవాళ్లు నాకు చెప్పండి.