కీమోకి ముందు రెండు చీటీలూ పక్కపక్కన పెట్టండి

స్కిజోఫ్రీనియా, బైపోలార్ ఉన్నవారికి క్యాన్సర్ వస్తే మందుల చీటీలు రెండవుతాయి. ఆంకాలజిస్టు ఒకటి రాస్తారు, సైకియాట్రిస్టు ఇంకొకటి. ఒకరిది ఒకరు చూడకపోతే చిక్కులు అక్కడే మొదలవుతాయి.

అన్నిటికంటే జాగ్రత్త కావాల్సింది స్కిజోఫ్రీనియాకి వాడే క్లోజపైన్‌తో. అరుదుగానైనా అది న్యూట్రోఫిల్స్‌ని (ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్తకణాల్ని) దారుణంగా పడగొడుతుంది. కీమో కూడా వాటినే తగ్గిస్తుంది, చాలా మందులతో 7 నుంచి 14 రోజుల మధ్య బాగా అడుగుకి దిగుతాయి. భయపడి క్లోజపైన్‌ని టక్కున ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది. పైగా వాంతులు, చెమటలు, నిద్రలేమి వస్తాయి, వాటిని కీమో ఖాతాలో రాసేస్తారు! 48 గంటలు దాటి తప్పిందంటే పాత మోతాదు వేయకూడదు, 12.5 మి.గ్రా. దగ్గర మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. అందుకే ఆపాలో కొనసాగించాలో మొదటి సైకిల్‌కి (కీమో విడతకి) ముందే డాక్టర్లిద్దరూ తేల్చుకుని రాసిపెట్టాలి.

క్లోజపైన్ పేగుల కదలికనీ మందగింపజేస్తుంది. దానికి వాంతులకిచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్, నొప్పికిచ్చే మార్ఫిన్ తోడైతే మలబద్ధకం ప్రాణం మీదికి తెస్తుంది. విరేచనం మందు మొదటి రోజునుంచే ఉండాలి. రోగి చెప్పేదాకా ఆగకండి, చాలామంది చెప్పరు.

ఆస్పత్రిలో చేరాక సిగరెట్ మానితే మంచిదే. కానీ క్లోజపైన్, అలాంటిదే అయిన ఒలాంజపైన్‌లను కాలేయం త్వరగా కరిగించేలా చేసేది సిగరెట్ పొగ. అది ఆగిన వారంలోపే రక్తంలో మందు పెరిగి మగత, క్లోజపైన్‌తో మూర్ఛలు కూడా రావచ్చు. నికోటిన్ ప్యాచ్ వేసినా ఇది తప్పదు, ఎందుకంటే కారణం పొగే, నికోటిన్ కాదు.

బైపోలార్‌కిచ్చే లిథియం కిడ్నీల ద్వారానే పోతుంది. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు కిడ్నీల్ని దెబ్బతీస్తుంది, వాంతులతో ఒంట్లో నీరు తగ్గుతుంది, నొప్పికి ఐబుప్రొఫెన్ వేశారంటే ఇక చెప్పక్కర్లేదు, లిథియం రక్తంలో పేరుకుపోతుంది. చేతులు బాగా వణికినా, నడక తూలినా అదే రోజు లిథియం పరీక్ష చేయించాలి.

రొమ్ము క్యాన్సర్‌కి టామాక్సిఫెన్ వాడేవారికి డిప్రెషన్ మందులైన పారాక్సిటిన్, ఫ్లూఆక్సిటిన్ వద్దు, అవి టామాక్సిఫెన్‌ని పనిచేసే రూపంలోకి మారనివ్వవు. డిప్రెషన్‌కే ఇచ్చే వెన్లాఫాక్సిన్‌తో ఆ ఇబ్బంది తక్కువ. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, యాంటీసైకోటిక్‌తో (స్కిజోఫ్రీనియా లాంటి జబ్బుల మందుతో) కలిస్తే కండరాలు బిగుసుకుపోవచ్చు. కీమోతో ఇచ్చే స్టెరాయిడ్ డెక్సామెథసోన్ ఉన్న రోజుల్లో నిద్ర పట్టకపోతే సైకియాట్రిస్టుకి వెంటనే చెప్పండి, మేనియా (మితిమీరిన హుషారు, ఉద్రేకం) అలాగే మొదలవ్వచ్చు.

మానసిక జబ్బుకి నెలకోసారి ఇచ్చే ఇంజెక్షన్ ఉంటే ఆ తేదీని కీమో క్యాలెండర్‌లో కలపండి. ప్లేట్‌లెట్లు బాగా తగ్గిన వారంలో కండరంలోకి సూది గుచ్చితే లోపల రక్తం కారి గడ్డలా పేరుకోవచ్చు. సైకిల్ మొదలవకముందు, రక్తకణాల కౌంట్లు చూసుకుని, వేయించడం మేలు.