రోబో కదలనప్పుడే నాకు భయం

మా కాలేజీ రోబోటిక్స్ ల్యాబ్‌లో ప్రాక్టికల్స్ చేయించేది నేనే. రోబో చెయ్యి జోరుగా తిరుగుతున్నప్పుడు పిల్లలు వాళ్లంతట వాళ్లే వెనక్కి జరుగుతారు. అది కదలకుండా నిలబడితేనే నా చూపంతా వాళ్ల చేతుల మీద ఉంటుంది. "మేడమ్, ఆగిపోయింది" అంటూ ఎవరో ఒకరు కంచె దగ్గరికి వచ్చేస్తారు.

చాలాసార్లు అది సిగ్నల్ కోసం చూస్తూ ఉంటుంది, అంతే. కన్వేయర్ మీద డబ్బా వంకరగా వచ్చి సెన్సార్‌కి కనబడలేదనుకోండి, ప్రోగ్రామ్ ఆ లైను దగ్గరే నిలబడుతుంది. పోనీలే సర్దుదామని మనం డబ్బాను కాస్త జరుపుతాం. సెన్సార్ లైటు వెలుగుతుంది, రోబో దిగుతుంది. మన చెయ్యి ఇంకా డబ్బా మీదే ఉంటుంది. ఆటో మోడ్ వేగానికి వెనక్కి లాక్కునే టైం దొరకదు.

1981లో జపాన్‌లోని అకాషిలో, కవాసాకి ఫ్యాక్టరీలో కెంజి ఉరాడా అనే కార్మికుడు చెడిపోయిన రోబోను చూడటానికి వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నారు. ఆయనకు 37 ఏళ్లు. రోబోను పూర్తిగా ఆపలేదు. కంచె తలుపు తెరిస్తే కరెంటు ఆగిపోయే ఏర్పాటు, అంటే ఇంటర్‌లాక్, ఉన్నా ఆయన కంచె దాటి వెళ్లారని అప్పటి పత్రికలు రాశాయి. ఈ సంగతి మొదటి క్లాసులోనే చెబుతాను. గేటు ఇంటర్‌లాక్ ఎందుకో మళ్లీ ఎవరూ అడగరు.

తర్వాత టీచ్ పెండెంట్, అంటే రోబోను చేత్తో పట్టుకుని నడిపే కంట్రోల్ పెట్టె, చేతికిస్తాను. దాని వెనక, వేళ్లు ఆనే చోట ఒక స్విచ్ ఉంటుంది. సగం నొక్కితే మోటార్లకు పవర్ వస్తుంది, బ్రేకులు వదిలిన 'టక్' మనే చప్పుడు వినిపిస్తుంది. వదిలేస్తే ఆగుతుంది, గట్టిగా బిగించినా ఆగుతుంది. భయపడిన మనిషి చేతిలో ఉన్నది వదిలేస్తాడో, పిడికిలి బిగిస్తాడో ముందే చెప్పలేం కదా! అందుకే ప్రతి ఒక్కరి చేతా రెండు రకాలుగానూ ఆపిస్తాను. మొదట్లో సగం నొక్కి పట్టుకోవడం కుదరక వేళ్లు వణుకుతాయి, రోబో ఆగుతూ కదులుతూ ఉంటుంది. ఆ పట్టు అలవాటయ్యేదాకా ప్రోగ్రామింగ్ జోలికి వెళ్లం. ఈ స్విచ్‌ని టేపుతో చుట్టేసి పని కానిచ్చే వాళ్లుంటారు. అలాంటి వాళ్ల దగ్గర పిల్లలు ఏ పనీ నేర్చుకోకూడదు.

పెండెంట్‌తో నెమ్మదిగా నడిపి చూసే టీ1 మోడ్‌లో వేగం సెకనుకు 250 మిల్లీమీటర్లు దాటదు. చూడటానికి నెమ్మదే. కానీ అర మీటరు దూరంలో ఉన్న గ్రిప్పర్, అంటే వస్తువును పట్టుకునే రోబో కొస, 2 సెకన్లలో మీ ముఖం దగ్గరుంటుంది. అందుకే లోపలికి వెళ్లేవాళ్ల చేతిలోనే పెండెంట్, వాళ్ల జేబులోనే మోడ్ తాళంచెవి. బయట ఇంకొకరు ఎమర్జెన్సీ స్టాప్ పక్కనే ఉండాలి, ఫోన్ లేకుండా.

ఐడీ కార్డులన్నీ తలుపు పక్కన మేకుకు తగిలించే రావాలి. వంగి చూస్తున్నప్పుడు మెడలోని ఆ ట్యాగే ముందు చిక్కుకుంటుంది. చున్నీ బిగించి కట్టుకోవాలి, జడ ముడి వేసుకోవాలి, కడియం తీయాలి. గుడిలో కట్టించుకున్న తాడు తీయనంటే బలవంతపెట్టను, పైన టేపు చుడతాను.

గాలి సంగతి చాలామంది మర్చిపోతారు. ఎమర్జెన్సీ స్టాప్ నొక్కినంత మాత్రాన గ్రిప్పర్‌ను గాలి ఒత్తిడితో నడిపే న్యూమాటిక్ సిలిండర్‌లోని గాలి పోదు. కొన్ని వాల్వులు కరెంటు పోగానే స్ప్రింగుతో వెనక్కి వస్తాయి, దాంతో గ్రిప్పర్ తెరుచుకుని పట్టుకున్న వస్తువు కింద పడొచ్చు. గ్రిప్పర్‌ను ముట్టుకోవాలంటే ముందు గాలి లైను మూసి, ఉన్న గాలి వదిలేసి, గేజ్ ముల్లు సున్నాకి వచ్చేదాకా చూడాలి.

ఒక్క రోబో చుట్టూ బ్యాచ్ మొత్తాన్ని నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. నలుగురు రోబో దగ్గర, మిగతావాళ్లు సిమ్యులేటర్ ముందు. దీనివల్ల సిలబస్ వెనకబడుతోందని మాట వస్తోంది. సాయంత్రాలు కూడా ల్యాబ్ తెరిచి ఉంచనివ్వమని అడిగాను. మిగిలిపోయిన ప్రయోగాలు అప్పుడు చేయిస్తాను, నలుగురు చొప్పునే.