మైలవరం, కైకలూరు, మధ్యలో నేను

మా క్లాసులో ఎవరినీ పేరు పెట్టి పిలవరు, ఊరు పెట్టి పిలుస్తారు. తెనాలి, నూజివీడు, బందరు, ఇలా. విజయవాడ వాళ్ళం పదిమందిమి ఉన్నాం కాబట్టి మాకు పేట పేరు. నేను సింగ్‌నగర్‌ని. మొన్న డిసెంబర్‌లో సివిల్ ఇంజనీరింగ్ వాళ్ళని సింగపూర్ స్టడీ టూర్‌కి తీసుకెళ్తే హోటల్లో ముగ్గురికో రూమ్ ఇచ్చారు. నాతో పడింది మైలవరం, కైకలూరు. మూడేళ్ళుగా ఒకే బెంచీ, అయినా మా ముగ్గురి మధ్య ఒక లింకు ఉందని ఆ ఊరు వెళ్ళేదాకా మాకే తట్టలేదు. అదే చెప్పాలని ఈ పోస్టు.

అసలు నేను వెళ్ళకూడదనే అనుకున్నాను. మనిషికి 82 వేలు అన్నారు. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం పొద్దున బుడమేరు వాగు పొంగి మా ఇంట్లోకి వచ్చాక నాన్న కుట్టు మిషన్లు నాలుగూ పోయాయి, మోటార్లు మార్చినా రెండే పని చేస్తున్నాయి. అలాంటప్పుడు సింగపూర్ అనడానికి నాకే నోరు రాలేదు. అమ్మకి ఎవరు చెప్పారో తెలీదు (కైకలూరే చెప్పి ఉంటుంది, దాని నోట్లో నువ్వుగింజ నానదు). నాన్న ఆ నెల చీటీ పాట పాడేసి డబ్బు తెచ్చి, "వెళ్ళిరా, మళ్ళీ పెళ్ళయ్యాక ఎవడు పంపుతాడో ఏంటో" అన్నాడు. ఆ రెండో ముక్కకి నేను ఒక రోజంతా మాట్లాడలేదు, అది వేరే కథ.

స్టడీ టూర్ అన్న పేరే గానీ, ట్రావెల్ ఏజెంట్ ఇచ్చిన కాగితంలో మూడు టెక్నికల్ విజిట్లు రాసి ఉంటే అక్కడికి వెళ్ళాక అవి రెండయ్యాయి. మూడోది ఏమైందంటే "పర్మిషన్ రాలేదమ్మా" అన్నాడు. దాని బదులు ఒక మధ్యాహ్నమంతా చాక్లెట్లమ్మే మాల్‌లో వదిలేశారు. మాకిచ్చిన సర్టిఫికెట్లో మాత్రం మూడూ ఉన్నాయి. సెంటోసా, యూనివర్సల్ స్టూడియోస్ గురించి నేను రాయను, యూట్యూబ్‌లో బోలెడు ఉన్నాయి, మా తెనాలి కుర్రాళ్ళవే నాలుగున్నాయి.

రాత్రి రైలుకి చెన్నై, అక్కణ్ణుంచి నాలుగు గంటల పైచిలుకు ఫ్లైటు. అది చవక ఫ్లైటు, తిండి కొనుక్కోవాలి. మైలవరం వాళ్ళమ్మ కట్టిచ్చిన పులిహోర డబ్బా తెరిస్తే ముందు సీటాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. మూడోసారి తిరిగితే కాస్త పెట్టాం. తమిళాయన, పెద్దాపురంలో పనిచేశాడట, బాగుందని తెలుగులోనే చెప్పాడు. ఇంక మెట్రోలో మంచినీళ్ళు తాగినా ఫైను, చూయింగ్ గమ్ 1992 నుంచీ నిషేధం లాంటివి అందరూ చెప్పేవే. నాకు ముచ్చటేసింది మాత్రం దూరియన్ పండు బొమ్మ గీసి అడ్డగీత కొట్టిన బోర్డు. మన పల్లెవెలుగు బస్సులో ఎండుచేపల సంచికి అలాంటి బోర్డు పెడితే కైకలూరు బస్సు ఖాళీగా తిరగాలి. ఈ మాట కైకలూరే అంది, నేను కాదు.

రెండో రోజు మాక్స్‌వెల్ ఫుడ్ సెంటర్‌కి వెళ్ళాం. వాళ్ళ భాషలో హాకర్ సెంటర్, అంటే రోడ్డు పక్క బళ్ళన్నిటినీ తెచ్చి ఒక కప్పు కింద పెట్టినట్టు ఉంటుంది. జనం కిటకిటలాడుతున్నారు, ఒక బల్ల మాత్రం ఖాళీగా ఉంది, మధ్యలో టిష్యూ పేపర్ల పాకెట్ ఒకటి పడుంది. ఎవరో మర్చిపోయారనుకుని మైలవరం దాన్ని పక్కన పెట్టి కూర్చుంది. రెండు నిమిషాల్లో ప్లేట్లు పట్టుకుని ఇద్దరు ఆఫీసు అమ్మాయిలు వచ్చి, ఏమీ అనకుండా, ఆ పాకెట్ వైపు చూసి మా వైపు చూశారు. దాన్ని "చోప్" అంటారట, టిష్యూ పెడితే బల్ల బుక్కయినట్టే. మేము సారీలు చెప్పి లేచాక కైకలూరు పకపకా నవ్వింది. "బస్టాండులో కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు ఆపేది మనమే, మనకే తెలీలేదా?" అని. నిజమే. కాకపోతే మన దగ్గర కర్చీఫ్ తీసి కింద పడేసేవాడు కూడా ఉంటాడు. తిన్నాక ట్రేలు అక్కడే వదిలేసి బయల్దేరితే బల్లలు తుడిచే ముసలావిడ చెయ్యి ఊపి ఆపింది, మన ట్రే మనమే తీసుకెళ్ళి స్టాండులో పెట్టాలి, 2021 నుంచీ అది రూలు. ఆవిడకి మా మామ్మ వయసుంటుంది, సిగ్గేసింది.

అక్కడే రోడ్డు దాటితే సిటీ గ్యాలరీ. సింగపూర్ నడిబొడ్డంతా ఒక పెద్ద హాల్లో బొమ్మగా చేసి పెట్టారు, ప్రతి బిల్డింగూ ఉంది, కట్టబోయేవి కూడా. దాని చుట్టూ నిలబడి మావాళ్ళంతా చేసిన మొదటి పని అమరావతి గురించి కొట్టుకోవడం. మాస్టర్ ప్లాన్ 2015లో సింగపూర్ వాళ్ళే గీసిచ్చారు కదా, 2019లో వాళ్ళ కంపెనీల ప్రాజెక్టు రద్దయింది కదా, ఇంక చెప్పాలా. అరగంట నడిచింది. సార్ కూడా కలిశారు. చివరికి అక్కడి గైడమ్మాయి వచ్చి మెల్లగా మాట్లాడమంది.

నాలుగో రోజు మరీనా బ్యారేజీ. బ్యారేజీ అనగానే మా బుర్రలో ఉండేది ప్రకాశం బ్యారేజీ, 70 గేట్లు, కిలోమీటరుకి పైగా పొడవు, 1957 నాటిది. ఇది చూస్తే 350 మీటర్లు, తొమ్మిది గేట్లు. "ఓస్, ఇంతేనా" అంది మైలవరం. గైడు ఒక రిటైర్డ్ ఇంజనీరు, తెల్ల జుట్టు, చేతిలో గొడుగు, ఆ గొడుగుతోనే అన్నీ చూపించాడు. ఇటు పక్క మంచినీళ్ళు, అటు పక్క సముద్రం, మధ్యలో ఈ గేట్లు. 2008లో తెరిచారు. ఐదు వాగుల, కాలవల నీళ్ళు ఇక్కడికి వస్తాయి, నగరం నడిబొడ్డున పడిన వాన, దాదాపు పదివేల హెక్టార్లది, ఇక్కడే పోగవుతుంది. ఆ దేశానికి చెప్పుకోదగ్గ నది లేదు. పక్కనున్న మలేసియా జొహోర్ నుంచి 1962లో రాసుకున్న ఒప్పందం మీద ఇప్పటికీ నీళ్ళు కొంటున్నారు, 2061 దాకా. అందుకని చూరు నీళ్ళు కూడా వదలరు.

ఇంతవరకూ సిలబస్. తర్వాత ఆయన చెప్పిందే నన్ను పట్టుకుంది. పెద్ద వాన పడినప్పుడు సముద్రం పాటు మీదుంటే, అంటే నీళ్ళు తగ్గి ఉంటే, గేట్లు దించుతారు, నీళ్ళు వాటంతటవే సముద్రంలోకి పోతాయి. మరి సముద్రం పోటు మీదుంటే? గేటు తెరిస్తే సముద్రమే ఊళ్ళోకి వస్తుంది. అప్పుడు గేట్లు మూసే ఉంచి ఏడు పంపులు వేస్తారు, ఒక్కోటి సెకనుకి 40 ఘనపు మీటర్లు. నేను ఫోన్లో లెక్కేశాను, ఏడూ కలిపితే పదివేల క్యూసెక్కులకి కాస్త తక్కువ. "కృష్ణకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది మొన్న, ఇది దానికి ఏ మూలకి?" అన్నాడు వెనకనుంచి బందరు.

కానీ నేను కృష్ణ గురించి ఆలోచించడం లేదు. బుడమేరు నీళ్ళని వెలగలేరు దగ్గర మళ్ళించి డైవర్షన్ కాలవ మీదుగా కృష్ణలో కలుపుతారు, ప్రకాశం బ్యారేజీకి పైన. కృష్ణ మామూలుగా ఉన్నంతకాలం బాగానే ఉంటుంది. కృష్ణే నిండుగా ఉన్న రోజు ఆ కాలవ ఎక్కడికి పోవాలి? కట్టకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి, నీళ్ళు మా వీధికి వచ్చాయి. గైడు సముద్రం అన్నచోటల్లా నాకు కృష్ణ అని వినపడింది. ఇదే మాట పైకి అంటే మైలవరం ఒక్క క్షణం ఆగి, "ఒసేయ్, బుడమేరు పుట్టేది మా ఊరి కొండల్లోనే కదే" అంది. కైకలూరు ఊరుకుంటుందా. "పోయి కలిసేది మా కొల్లేట్లో. మీ ఇంట్లో నీళ్ళు దిగాయని మీరు సంబరపడ్డ రోజున మా పెదనాన్న చేపల చెరువు గట్టు తెగింది."

నిజంగా చెప్తున్నా, ఆ పదిరోజులూ నాకు కొల్లేరు అనేది ఒకటుందని గుర్తు లేదు. డాబా మీద ఉన్నాం, డ్రోన్లు పులిహోర పాకెట్లు దింపుతుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు, కింద మెట్ల మీద నాన్న గంటకోసారి బొగ్గుతో గీత గీసి నీళ్ళు ఎంత పెరిగాయో చూసేవాడు. మైలవరం ఫోన్ చేసి "మా దగ్గర వాన తగ్గిందే, మీకూ తగ్గిపోతుందిలే" అంటే నేను నమ్మాను కూడా. అక్కడ తగ్గింది అంటే ఇక్కడికి వస్తోందని అర్థం! మూడో సంవత్సరం సివిల్ చదువుతూ ఇద్దరికీ తట్టలేదు.

సరిగ్గా అప్పుడే వాన మొదలైంది. డిసెంబర్‌లో అక్కడ మధ్యాహ్నం అయిందంటే చాలు, కుండపోత. అందరూ లోపలికి పరిగెత్తారు, మేము ముగ్గురం ఆయన గొడుగు కింద సగం తడుస్తూ ప్రశ్నలేశాం. మీకు ఇది కట్టాక ఇంక వరద రాలేదా అంటే దాచకుండా చెప్పాడు, వచ్చింది, 2010లో ఆర్చర్డ్ రోడ్డే మునిగిందని. వాళ్ళ ఊళ్ళో అది మన బీసెంట్ రోడ్డులాంటిది, కాకపోతే ఖరీదైన షాపులు. ఆ తర్వాత నేల కింద నీళ్ళు ఆపే తొట్టీ, ఇంకో మళ్ళింపు కాలవా కట్టారట, 2018కి అయ్యాయి. "వాన ఎప్పుడూ మనకంటే ఒక డిజైన్ ముందుంటుంది" అన్నట్టు ఏదో అన్నాడు, ఆయన ఇంగ్లీషు నాకు సగమే అర్థమైంది. సింగపూర్ నది ఒకప్పుడు కంపు కొట్టేదట. 1977లో అప్పటి ప్రధాని లీ క్వాన్ యూ పదేళ్ళలో శుభ్రం చేయమంటే పందుల దొడ్లూ, బళ్ళూ, పడవలూ అన్నీ తరలించి 1987కి చేసి చూపించారు. ఆ తరలించినవాళ్ళు ఏమయ్యారని కైకలూరు అడిగింది. హాకర్ సెంటర్లలోకీ, ప్రభుత్వ ఫ్లాట్లలోకీ వెళ్ళారన్నాడు. అందరూ ఇష్టంగానే వెళ్ళారా అంటే నవ్వాడు గానీ జవాబు చెప్పలేదు. కొల్లేరులో చేపల చెరువులని ప్రభుత్వం కొట్టేసిన రోజులు చూసిన ఇంటి పిల్ల కదా, ఆ ప్రశ్న అదే అడగాలి.

వాన వెలిశాక పైకి ఎక్కాం. పంపులున్న బిల్డింగు కప్పంతా పచ్చిక, జనం గాలిపటాలు ఎగరేస్తున్నారు! సంక్రాంతికి నెల ముందే. ఒక మలయ్ అంకుల్ చరఖా పట్టుకుని ఉంటే నేను అలా చూస్తూ నిలబడ్డాను, ఆయన "ఇండియా?" అని అడిగి చరఖా నా చేతిలో పెట్టాడు. దారం మెత్తగా ఉంది, మాంజా లేదు. అలవాటు కొద్దీ పక్క గాలిపటం మీదకి లాగబోతే ఆయన కంగారుగా నా చెయ్యి పట్టుకుని తల అడ్డంగా ఊపాడు. అక్కడ కోసుకోరట, ఊరికే ఎగరేసుకుంటారట. కాళ్ళ కింద ఏడు పంపులు, ముందు మరీనా బే మూడు టవర్లు, మైలవరం వీడియో తీస్తోంది. ఆ వీడియోలో నా మొహం కనిపించదు, దారం పట్టుకున్న వేళ్ళే ఉన్నాయి.

ఇంటికి వచ్చాక అమ్మ చాక్లెట్లు పక్కింటివాళ్ళకి పంచేసి "ఏం చూశావే?" అంది. బ్యారేజీ ఫొటో చూపిస్తే నాన్న ఫోను దగ్గరగా పెట్టుకుని గేట్లు లెక్కపెట్టాడు. తర్వాత నేను బీరువా జరిపాను. ఇల్లంతా రంగు వేయించినా బీరువా వెనక గోడ వదిలేశారు, నీటి గీత అలాగే ఉంది. టేపు పెడితే నాలుగడుగుల ఏడంగుళాలు. నాన్న ఏమీ అడగకుండా టేపు రెండో కొస పట్టుకున్నాడు.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి ముగ్గురం కలిసి బుడమేరు పేరే ఇచ్చాం. సార్ ముందు "అందరూ చేసేదేగా" అన్నారు, మూడు ఊళ్ళ కొలతలూ ముగ్గురి ఇళ్ళ నుంచే తెస్తామంటే సరే అన్నారు. ఈ ఆదివారం వెలగలేరు రెగ్యులేటర్ దగ్గరికి వెళ్తున్నాం. మైలవరం వాళ్ళ నాన్న కారు ఇస్తానన్నాడు, కైకలూరు శనివారం రాత్రికే మా ఇంటికి వస్తుంది. ఎండుచేపలు తేవద్దని చెప్పాను, తెస్తుంది.