ఆర్‌ఎన్‌ఆర్‌ఎల్ షేర్లు, సుప్రీంకోర్టు తీర్పు: నా అనుభవం

2009 డిసెంబర్‌లో చీటీ పాడిన డబ్బు దాదాపు 60 వేలు చేతిలో ఉంటే, మొత్తం తీసుకెళ్లి ఆర్‌ఎన్‌ఆర్‌ఎల్‌లో (రిలయన్స్ నేచురల్ రిసోర్సెస్) పెట్టేశాను. 800 షేర్లు. అంబానీ సోదరుల్లో తమ్ముడు అనిల్ కంపెనీ అది. దాని విలువంతా ఒక్క హక్కు మీదే ఉంది: అన్నదమ్ములు ఆస్తులు పంచుకున్నప్పటి ఒప్పందం ప్రకారం, అన్న ముకేశ్ కంపెనీ రిలయన్స్ ఇండస్ట్రీస్ కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌లోని డీ6 బ్లాకులో సముద్రం అడుగు నుంచి తీసే గ్యాస్‌లో రోజుకు 2.8 కోట్ల ఘనపు మీటర్లు, 17 ఏళ్లపాటు, యూనిట్‌కు (ఎంఎంబీటీయూ) 2.34 డాలర్ల రేటుకే తమకు రావాలని. ప్రభుత్వం ఖాయం చేసిన రేటేమో 4.20 డాలర్లు. ఆ తేడా ఎవరికి దక్కుతుందన్నదే కేసు.

మాది కాకినాడ దగ్గర. ఆ గ్యాస్ ఒడ్డుకు చేరేది గాడిమొగలో, మా పక్కనే కాబట్టి ఈ కేసు నాకు బాగా తెలుసనుకున్నాను. 2009 జూన్‌లో బాంబే హైకోర్టు తమ్ముడి వైపే చెప్పింది, సుప్రీంకోర్టులో వాదనలు కూడా అయిపోయి తీర్పు రిజర్వ్‌లో ఉంది, ఇంక గెలుపే అని నా నమ్మకం. బ్రోకర్ ఆఫీసులో రోజూ కనిపించే ఒక పెద్దాయన మాత్రం "మేస్టారూ, సగమైనా అమ్మి పక్కన పెట్టండి, కోర్టు కేసు మీద ఇంత పెడతారా" అన్నారు. వినలేదు.

ప్రధాన న్యాయమూర్తి బాలకృష్ణన్ గారు మే 11న రిటైరవుతారు, కాబట్టి ఆలోపే తీర్పు రావాలి. 2010 మే 7, శుక్రవారం. సెలవు పెట్టి స్క్రీన్ ముందు కూర్చున్నాను. టీవీలో కింద ఒక్క లైను వచ్చిందో లేదో, షేరు ఎర్రగా మారి జారిపోవడం మొదలైంది, అమ్మకపు ఆర్డర్లు బారులు తీరాయి, కొనే వరుసలో అంకెలు చూస్తుండగానే కరిగిపోయాయి. నా చెయ్యి మౌస్ మీదే ఉంది గానీ నొక్కలేకపోయాను. ఆ ఒక్కరోజే ఐదో వంతుకు పైగా పోయింది. ఇంటికెళ్లి రెండు రోజులు మా ఆవిడకు చెప్పలేదు.

తర్వాత తీర్పు కాపీ సంపాదించి చదివాను. నేను అన్నదమ్ముల ఒప్పందం చుట్టూనే ఆలోచించాను, కోర్టేమో ఆ కుటుంబ ఒప్పందానికి అన్న కంపెనీ కట్టుబడి ఉండక్కర్లేదంది, గ్యాస్ ప్రభుత్వానిది, రేటు చెప్పేదీ ప్రభుత్వమే అంది. ముగ్గురిలో మన జస్టిస్ సుదర్శన్ రెడ్డి గారు విడిగా తీర్పు రాశారు. కోర్టు ఆధారంగా తీసుకున్నది అన్న కంపెనీకి ప్రభుత్వంతో ఉన్న ఉత్పత్తి పంపకం కాంట్రాక్టును, అంటే తీసిన గ్యాస్‌ను ఎలా పంచుకోవాలో చెప్పే ఒప్పందాన్ని; దాని సంగతి పేపర్లో ఎన్నోసార్లు వచ్చింది, నేను ఒక్కసారి కూడా దాని గురించి చదవలేదు.

రెండు కంపెనీలనూ ఆరు వారాల్లో మళ్లీ చర్చలు మొదలుపెట్టమని కోర్టు చెప్పింది, అందులో ఏదైనా తేలుతుందేమోనని ఆగాను. జూలైలో ఆర్‌ఎన్‌ఆర్‌ఎల్‌ను తమ్ముడిదే అయిన రిలయన్స్ పవర్‌లో విలీనం చేస్తున్నట్టు ప్రకటించారు, నాలుగు షేర్లకి ఒకటి. నా 800 కాస్తా 200 అయ్యాయి. 2011 చివర్లో అమ్మితే పెట్టినదాంట్లో మూడో వంతు కూడా చేతికి రాలేదు. మిగతా చీటీ వాయిదాలు జీతంలోంచి కట్టాను.